గరగర ఎక్కడిది?

స్పీకర్ పాడైందని అందరం ఒకే ముక్కలో తేల్చేస్తాం గానీ, పాడవడంలో చాలా రకాలున్నాయండీ. ఇంగ్లీషు మాన్యువల్ తీస్తే అన్నిటికీ కలిపి డిస్టార్షన్ అని ఒకటే మాట రాసి చేతులు దులుపుకుంటాడు. ఈ విషయంలో మన తెలుగే నయం. గరగర వేరు, బరబర వేరు, చిటపట వేరు, గుంయ్ మనడం వేరు. చెవి పెట్టి విని వీటిలో ఏ మాట సరిపోతుందో తేల్చుకుంటే సగం రిపేరు అయిపోయినట్టే.

గుంయ్ మనేది పాటతో పనిలేకుండా వస్తుంది. పాట ఆపేసినా వస్తూనే ఉంటుంది. అది కరెంటు చప్పుడు. ఇక్కడ అమెరికాలో కరెంటు సెకనుకి 60 సార్లు ఊగుతుంది, ఇండియాలో 50 సార్లు. ఆ ఊగుడో, దాని రెట్టింపో దారి తప్పి స్పీకర్లోకి వచ్చిందన్నమాట. కేబుల్ టీవీ వైరు ఒకసారి పీకి చూడండి, చాలా ఇళ్ళలో అక్కడితో ఆగిపోతుంది. చిటపట అయితే వాల్యూం నాబ్ తిప్పినప్పుడు వస్తుంది, లోపల దుమ్మూ తుప్పూ. సౌండు బాగా పెంచినప్పుడు మాత్రమే పాట చిరిగిపోయినట్టుంటే ముందు ఆంప్లిఫయరుని అనుమానించాలి, దానికి శక్తి చాలట్లేదేమో. ఇక తక్కువ సౌండులో కూడా మృదంగం మీద దెబ్బ పడ్డప్పుడల్లా బర్రుమంటే, అప్పుడు స్పీకర్ని పట్టుకోవాలి.

ఆంప్లిఫయరు సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఎందుకంటే మన మిత్రులు చాలామంది ఇక్కడే అనవసరంగా స్పీకర్లు కాల్చుకుంటుంటారు. సౌండు మూడు డెసిబెల్స్ పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి. చెవికి 'రెండింతలు గట్టిగా ఉంది' అనిపించాలంటే సుమారు పది డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల పవర్! ఐదు వాట్లతో హాయిగా పాడుతున్నదాన్ని రెండింతలు గట్టిగా వినాలంటే యాభై వాట్లు ఇవ్వాలి. మీ ఆంప్‌లో ఉన్నవి నలభయ్యే అయితే అది తరంగం నెత్తి కోసేస్తుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. గుండ్రంగా ఉండాల్సిన తరంగం నెత్తి చదునైపోతే, అసలు పాటలో లేని పై స్వరాలు అందులోంచి పుట్టుకొస్తాయి. అవన్నీ పోయి ట్వీటర్ మీద పడతాయి. పాపం అది చిన్న ప్రాణి, మాడిపోతుంది. పెద్ద ఆంప్‌ని నెమ్మదిగా వాడితే ఏమీ కాదు, చిన్న ఆంప్ పీక పిసికి అరిపిస్తేనే తంటా. ఈ మాట మా మిత్రుడొకాయన ఒప్పుకోడు. ఆయనవి ఇప్పటికి రెండు జతలు పోయాయి, మూడోది దారిలో ఉంది.

సరే, ఇదంతా నాకెందుకు పట్టిందో చెప్తాను.

మా నాన్నది తెనాలి దగ్గర పల్లెటూరు. ఉద్యోగం పోస్టాఫీసులో, ప్రాణం నాటకాల్లో. సత్య హరిశ్చంద్రలో కాటి సీను ఆయనది అంటే నాలుగూళ్ళ వాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళని అమ్మ చెప్తుంది (అమ్మ లెక్కలో ఎప్పుడూ నాలుగూళ్ళే). నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదే అయినా, కాటి సీనులో జాషువా గారి శ్మశానం పద్యాలు కూడా కలిపి పాడటం మామూలు. అవి అందుకుంటే చాలు, వన్స్ మోర్ అని కేకలు. పద్యం ఎంత బాగా చదివారన్నది ఎవరికీ పట్టదు, చివర రాగం ఎంతసేపు లాగారన్నదే లెక్క. నాన్న లాగేవారు. ఊపిరి ఎక్కడ తీస్తున్నారో తెలిసేది కాదు.

నాన్న 2006లో పోయారు. ఆయన గొంతు రికార్డయి ఉన్నది ఒకే ఒక్క కేసెట్లో. 1984లో శ్రీరామనవమి పందిట్లో, మా మేనమామ మస్కట్ నుంచి తెచ్చిన టూ ఇన్ వన్‌తో రికార్డు చేసింది. సి-60, అంటే పక్కకి అరగంట. నలభయ్యేళ్ళు అమ్మ బీరువాలో పట్టుచీరల మధ్య పడుకుంది. మా చెల్లెలు ఇక్కడికి వస్తూ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తెచ్చి నా చేతికిచ్చింది, దీపావళి వెళ్ళిన వారానికి. 'నాన్న తద్దినం నాటికి ఇది ఫోన్లో వినపడేలా చెయ్యి, అందరం కూచుని వింటాం' అని అమ్మ ఆర్డరు. తద్దినం మాఘమాసంలో. మూడు నెలల టైముందన్నమాట. మామూలుగా అయితే ఇది ఒక సాయంత్రం పని.

కేసెట్ వినడానికి నా దగ్గర మిషన్లకేం కొదవ లేదు. 1998లో కొలంబస్‌లో కొన్న స్టీరియో అలాగే ఉంది. వై2కే పుణ్యమా అని కోబాల్ రాసుకుంటూ నలుగురం ఒక అపార్ట్‌మెంటులో పప్పూ అన్నం తిని పొదుపు చేస్తున్న రోజుల్లో, మొదటి ప్రాజెక్టు డబ్బులతో కొన్న రిసీవరు, ఎనిమిదంగుళాల వూఫర్లున్న స్పీకర్ల జత, ఒక కేసెట్ డెక్. మంచం లేదు, స్టీరియో ఉంది! పరుపు నేలమీద వేసుకుని ఘంటసాల వినేవాళ్ళం. తర్వాత ఒహాయో నుంచి న్యూజెర్సీ వచ్చాం, పెళ్ళయింది, పిల్లలొచ్చారు, స్పీకర్లు హాల్లోంచి బేస్‌మెంటులోకి దిగాయి. మా ఆవిడ వాటిని రెండుసార్లు రోడ్డు పక్కన పెట్టించే ప్రయత్నం చేసింది గానీ ఫలించలేదు.

కేసెట్ పెట్టి మీట నొక్కాను. హార్మోనియం వచ్చింది. నాన్న గొంతు వచ్చింది. గరగరా వచ్చింది. మామూలు గరగర కాదు, గొంతులో ఎవరో ఇసక పోసినట్టు. వాట్సాప్‌లో అమ్మకి ఫోన్ చేసి, ఫోన్ స్పీకర్ ఎదురుగా పట్టుకున్నాను. ఒక నిమిషం విని, "ఎవర్రా అది?" అంది.

"నాన్నేనమ్మా."

"మీ నాన్న గొంతు అలా ఉండదు. కంచు. ఇదెవరో జలుబు చేసినవాడు పాడుతున్నాడు. మామయ్య ఏదో వేరే కేసెట్ ఇచ్చుంటాడు చూడు."

"నువ్వేగా బీరువాలో దాచింది?"

"దాచానుగానీ విన్నానా? వినడానికి ఇంట్లో మిషనేదీ? ఇది ఆయన కాదు నాన్నా, పెట్టెయ్యి."

అమ్మ ఫోన్ పెట్టేసింది. నేను బేస్‌మెంటులో కూచున్నాను. గరగర టేపులోనే ఉంటే చేయగలిగిందేమీ లేదు, అమ్మకి ఆ గొంతు ఇక ఎవరో జలుబు చేసినవాడిదే. టేపు దాటాక ఎక్కడో మొదలవుతుంటే బాగు చెయ్యొచ్చు. ఈ రెండిట్లో ఏది?

"డెక్ నుంచి సరాసరి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించెయ్యొచ్చుగా నాన్నా, మధ్యలో ఈ స్పీకర్లెందుకు?" అని మా అబ్బాయి. వాడన్నది నిజమే, చివరికి చెయ్యాల్సిందదే. కానీ డెక్‌కి హెడ్‌ఫోన్ రంధ్రం లేదు, ఇప్పటి ల్యాప్‌టాప్‌కి లైన్-ఇన్ లేదు, మధ్యలో పెట్టే యూఎస్‌బీ డబ్బా రావాలంటే నాలుగు రోజులు. పైగా అమ్మ వేసవికి వస్తానంటోంది. ఆవిడ చెవుల్లో ఏదీ పెట్టుకోదు. ఆవిడకి వినిపించాల్సింది ఆ స్పీకర్లే.

మనకి అన్నం పెడుతున్న విద్య ఒకటుంది కదా. పొడవాటి గొలుసులో ఎక్కడో బగ్గు ఉంటే మొదటి లింకు నుంచి చివరిదాకా వరసగా చూసుకుంటూ పోకూడదు, నడిమికి కోసి ఏ సగంలో ఉందో చూడాలి. ఇక్కడ గొలుసు: టేపు, డెక్, వైరు, రిసీవరు, ఇంకో వైరు, స్పీకర్లు. నడిమధ్యన రిసీవరుకి హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది. అందులో పెట్టి విన్నాను. గరగర బాగా తగ్గింది. బాగా తగ్గింది గానీ పోలేదు.

ఇరవై ఏళ్ళకి పైగా ప్రొడక్షన్ సపోర్టు చేసినవాడికి ఈ జవాబు చూస్తే గుండె జారుతుంది. సగానికి కోస్తే 'ఈ సగంలో ఉంది' అనో 'ఆ సగంలో ఉంది' అనో రావాలి. 'రెండిట్లోనూ ఉంది' అని వస్తే బగ్గు ఒకటి కాదన్నమాట. ఒకదాని వెనక ఒకటి నక్కి, ఒకటి పట్టుకునేలోపు ఇంకొకటి దాన్ని కాపాడుతూ ఉంటుంది. ఇలాంటప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. అన్నిటికన్నా పెద్దదాన్ని ముందు చంపి, మిగిలింది ఏమిటో మళ్ళీ కొత్తగా వినాలి.

పెద్దది స్పీకర్లలో ఉంది. ఎడమదా కుడిదా? ఈ టేపుతో ఒక సుఖం ఉంది. పాత టూ ఇన్ వన్ మోనోలో రికార్డు చేస్తుంది, దాని గీత టేపు మీద స్టీరియోలో ఎడమ కుడి రెండు గీతలున్న చోటంతా ఆక్రమిస్తుంది. కాబట్టి రెండు స్పీకర్లలోనూ అచ్చంగా ఒకే శబ్దం రావాలి. తేడా వస్తే అది నాన్నది కాదు, నా సామానుది. బాలెన్స్ అటూ ఇటూ తిప్పితే ఎడమవైపు కాస్త మసక, కుడివైపు ఘోరమైన గరగర. రిసీవరు ఆపేసి (ఆపకుండా వైర్లు పీకితే, రెండు పోగులు తగులుకున్నాయంటే రిసీవరే పోతుంది), స్పీకర్ వైర్లు ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చాను. గరగర స్పీకర్‌తో పాటే వెళ్ళింది. మసక మాత్రం కదల్లేదు, ఎడమ ఛానల్లోనే ఉండిపోయింది. అయిదు నిమిషాల పని, ఒక్క పైసా ఖర్చు లేదు, రెండు దొంగలూ వేరు పడ్డారు. ఇంట్లో ఎవరి స్పీకర్ చెడినా ముందు ఇది చెయ్యండి, ఆ తర్వాతే కొత్తది కొనే ఆలోచన.

కుడి స్పీకర్ ముందున్న గుడ్డ తీసి చూద్దును కదా, వూఫర్ అంచున ఉండాల్సిన నల్లటి స్పాంజి రింగు సగం లేదు. ఉన్న సగం వేలు తగలగానే కాల్చిన అప్పడంలా పొడైపోయింది. ఆ రింగుని సరౌండ్ అంటారు. కాగితపు కోన్‌ని చుట్టూ పట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగనిస్తూ పక్కలకి జారకుండా చూడటం దాని పని. ఆ రోజుల్లో చాలా స్పీకర్లకి పాలియూరెథేన్ స్పాంజితో చేసేవారు. మొదట్లో బాగా పాడుతుంది. కానీ గాల్లో తేమ, వేడి, వెలుతురు కలిసి ఆ పదార్థాన్ని మెల్లగా విరిచేస్తాయి. పదిహేను ఇరవై ఏళ్ళకి రాలిపోతుంది, వాడినా వాడకపోయినా. రబ్బరు రింగులున్నవి ఇంకా చాలా ఏళ్ళు నిలుస్తాయి. న్యూజెర్సీ బేస్‌మెంటులో వేసవి తేమ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇక రింగు చిరిగితే కోన్ ఒక పక్కకి ఒరుగుతుంది. దాని వెనకున్న తీగచుట్ట అయస్కాంతం సందులో గీరుకుంటుంది. ఆ సందు ఎంతనుకున్నారు, మందపాటి కాగితం దూరేంత. రెండు చేతుల వేళ్ళతో కోన్‌ని అన్ని పక్కలా సమానంగా మెల్లగా నొక్కితే చేతికే తెలిసిపోయింది, లోపల బరుక్కుంటోంది.

ఎడమది ఇంకా రాలలేదు గానీ పగుళ్ళు మొదలయ్యాయి.

ఊళ్ళో ఒక షాపుకి పట్టుకెళితే కౌంటర్లో కుర్రాడు దాన్ని మ్యూజియంలో వస్తువుని చూసినట్టు చూసి, ఇవి ఇప్పుడెవరూ బాగుచెయ్యరు, బ్లూటూత్‌ది తీసుకోండి అన్నాడు. అలాంటి మాటలు నేను 1998లో కోబాల్ గురించి కూడా విన్నాను. స్పాంజి రింగులూ జిగురూ కలిపి కిట్టు దొరుకుతుంది. ఒక కుటుంబం హోటల్లో భోంచేసినంత కాదు దాని ఖరీదు.

రింగు మార్చడం కష్టమైన పని కాదు గానీ ఓపిక పని. డైనింగ్ టేబుల్ మీద పాత బెడ్‌షీటు పరిచి మొదలుపెట్టాను ('ఆ టేబుల్ మీద మనం తింటాం' అని మా ఆవిడ గుర్తుచేసింది). వూఫర్ విప్పి, వైర్లలో ప్లస్సేదో మైనస్సేదో స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. పాత స్పాంజీ, పాత జిగురూ గీకెయ్యాలి. ఒక సాయంత్రమంతా ఇదే. చెయ్యంతా నల్లటి జిడ్డు, రెండు రోజులు పోలేదు. గీకాక స్పిరిట్‌తో తుడిచి, కోన్ మధ్యలో బొడిపెలా ఉండే టోపీని బ్లేడుతో చుట్టూ కోసి తీసెయ్యాలి. అయ్యో కొయ్యడమేంటి అనిపిస్తుంది గానీ, అది తీస్తేనే లోపల తీగచుట్టా, దాని మధ్యన ఇనుప దిమ్మా కనిపిస్తాయి. ఆ రెండిటి మధ్య సందులో చుట్టూ సన్నటి బద్దలు దూర్చి చుట్టని నట్టనడుమ నిలబెట్టాలి. కొలంబస్ నాటి మా బాడీషాపు విజిటింగ్ కార్డులు ఒక పెట్టెడున్నాయి, ఇన్నాళ్ళకి పనికొస్తాయనుకున్నాను. మందం ఎక్కువై దూరలేదు. చివరికి పాత ఫోటో నెగటివ్‌లు సన్నగా కోస్తే సరిగ్గా సరిపోయాయి. ఏవి కొయ్యాలన్న దాని మీద ఇంట్లో కాసేపు చర్చ జరిగింది. నయాగరా ట్రిప్పులో వేలు అడ్డం పడ్డ ఫోటోలు త్యాగం చేశాం.

బద్దలు బిగించాక రింగుని ముందు కోన్‌కి అంటించి, ఆరనిచ్చి, తర్వాత బయటి అంచుని ఇనుప చట్రానికి అంటించాలి. ఒకరోజు అసలు ముట్టుకోకూడదు. మర్నాడు బద్దలు లాగేసి కోన్‌ని నొక్కితే చప్పుడు లేకుండా పైకీ కిందకీ కదిలింది. అప్పుడు కొత్త టోపీ. ఎడమదానికి కూడా అదే వైద్యం చేసేశాను, ఎలాగూ కిట్టులో రెండో రింగు ఉంది.

పరీక్షకి ఫోన్లో టోన్ జెనరేటర్ పెట్టి, ముప్పై హెర్ట్జ్ నుంచి మెల్లగా పైకి పోనిచ్చాను. కుడిది శుభ్రం. ఎడమది కూడా అనుకుంటుండగా నూటయాభై దాటాక ఎక్కడో జర్రుమంది. మళ్ళీ కిందకి తెస్తే లేదు, పైకి తెస్తే ఉంది. స్పీకర్ మీద చెవి పెడితే అక్కడ లేదు! పావుగంట వెతికితే తేలిందేమిటంటే అది మెట్ల పక్కన అలమారలో స్టీలు డబ్బా మూత. మా ఆవిడ కందిపప్పు ఎక్కువొచ్చినప్పుడు బేస్‌మెంటులో దాస్తుంది. సరిగ్గా ఆ స్వరానికి ఆ మూత వంత పాడుతోంది. మూత కింద టిష్యూ పేపరు పెట్టాను. స్పీకర్ విప్పబోయే ముందు ఇంట్లో ఫోటో ఫ్రేములూ, కిటికీ అద్దాలూ, పూజగది గంటా ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి.

ఇక ఎడమ ఛానల్లో మసక. సీడీ పెట్టినా మసకే, అంటే టేపుకీ డెక్‌కీ సంబంధం లేదు, రిసీవరులోనే. పాత రిసీవర్లకి టేప్ మానిటర్ అని ఒక మీట ఉంటుంది. మనం వాడినా వాడకపోయినా పాటంతా దాని గుండానే పోవాలి. ఇరవై ఏళ్ళు ఎవరూ నొక్కకపోతే లోపల కాంటాక్టుల మీద సన్నటి పొర కడుతుంది. దాన్ని నొక్కి వదిలినప్పుడల్లా మసక కాస్త మారుతుండటం చూసి పట్టుకున్నాను. రిసీవరు ప్లగ్గు పీకి, కాంటాక్ట్ క్లీనరు రెండు చుక్కలు కొట్టి, మీటని ముప్పై సార్లు టకటకలాడించాను. గరాజ్‌లో తలుపు బందులకి కొట్టే నూనె స్ప్రే మాత్రం ఇందులో వాడకండి. అది జిడ్డు మిగిల్చి దుమ్ముని పట్టుకుంటుంది. మీటతో పాటు వాల్యూం నాబ్‌కీ అదే స్నానం. మసక వదిలింది.

అప్పుడు నాన్న కేసెట్ మళ్ళీ పెట్టాను.

గొంతు వచ్చిందండీ! ఇసక లేదు. హార్మోనియం తిత్తి కొట్టే చప్పుడు కూడా వినిపిస్తోంది, వెనక ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు. పద్యం నడుస్తున్నంతసేపూ బాగుంది. చివర రాగం అందుకుని పై స్థాయికి వెళ్ళేసరికి, సరిగ్గా జనం ఈలలు వేసే చోట, చిరిగిపోతోంది. ఇది మూడో దొంగ.

టేపా, డెక్కా? డెక్ తల స్పిరిట్‌తో తుడిచాను. తల మురికైతే గొంతు దుప్పటి కప్పుకున్నట్టు అణిగిపోతుందే గానీ ఇలా చిరగదు, అయినా తుడిచాను. అదే డెక్‌లో ఘంటసాల భగవద్గీత కేసెట్ పెట్టాను, మచ్చ లేదు. నాన్న కేసెట్‌ని ఎడిసన్‌లో ఒక మిత్రుడి డెక్‌లో పెట్టాను, అదే చోట అలాగే చిరిగింది. ఈలోపు యూఎస్‌బీ డబ్బా వచ్చింది. కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆడాసిటీలో తరంగాన్ని పెద్దది చేసి చూశాను. ఆ రాగం దగ్గర తరంగాల నెత్తులన్నీ కత్తెరతో కోసినట్టు, కాస్త ఏటవాలుగా ఉన్నాయి. కానీ అక్కడ లెవెల్ సగానికి మించి లేదు. ఎక్కించేటప్పుడు తెగితే నెత్తులు పైగీతకి తగిలి, సమంగా తెగాలి. ఇక్కడ పైన బోలెడు జాగా ఉన్నా తెగాయి. అంటే ఆ కోత 1984 నాటిది. టేపు మీదకి వెళ్ళకముందే తెగి, నలభయ్యేళ్ళ తర్వాత నా దగ్గరికి చేరింది.

మామయ్యకి ఫోన్ చేశాను. ఆయనకి ఎనభై దాటాయి, జ్ఞాపకం మాత్రం పదును.

"మామయ్యా, ఆ రోజు టేప్ రికార్డరు ఎక్కడ పెట్టావు?"

"ఎక్కడేంట్రా అల్లుడూ, రాటకి మైకు హారన్ కట్టారుగా, సరిగ్గా దాని కింద కుర్చీ వేసి పెట్టా. బాగా వినపడొద్దూ?"

అర్థమైంది. హారన్ నోట్లో పెట్టినట్టే. ఆ టూ ఇన్ వన్‌లకి రికార్డింగ్ లెవెల్ దానంతటదే తగ్గించుకునే ఏర్పాటు ఉండేది గానీ, అంత చప్పుడు మీద పడితే మైకు దగ్గరే తరంగం తెగిపోతుంది, ఆ తర్వాత తగ్గించి లాభం లేదు. ఆడాసిటీలో తెగిన నెత్తుల్ని అటూ ఇటూ చూసి ఊహించి అతికే క్లిప్ ఫిక్స్ అనే ఏర్పాటుంది. చేసి చూశాను. చిరుగు కొంచెం మెత్తబడింది, దాంతో పాటు గొంతులో కంచు కూడా మెత్తబడింది. తీసేశాను. ఆ కంచు కోసమే కదా ఇదంతా.

ఆదివారం అమ్మకి మళ్ళీ వీడియో కాల్. ఈసారి స్పీకర్ ముందు ఫోన్ పట్టుకోలేదు, ఫైలే పంపి చెల్లెలి చేత దాని ఫోన్లో పెట్టించాను. పద్యం మొదలైంది. అమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. రాగం దగ్గర చిరిగింది.

"మళ్ళీ అదే" అంది.

"అక్కడ మామయ్య రికార్డరుని హారన్ కింద పెట్టాడమ్మా, అందుకని..."

"ఆ రోజు హారనే అలా అరిచింది. మైకు సెట్టు వాడు కొత్తవాడు. మీ నాన్న దిగాక వాణ్ణి తిట్టారు కూడా" అంది అమ్మ.

ఇది నాకు తెలీదు. అయితే తెగింది రికార్డరులోనా, హారన్లోనే తెగినదాన్ని రికార్డరు ఉన్నదున్నట్టు పట్టుకుందా? రెండూ అయ్యుండొచ్చు. ఆలోచిస్తూ ఉండగా రికార్డింగ్ నడుస్తూనే ఉంది. పద్యం అయిపోయింది, ఈలలు తగ్గాయి, మైకుకి దూరంగా తల తిప్పి నాన్న హార్మోనియం ఆయనతో నెమ్మదిగా అంటున్నారు, "శృతి కాస్త దించవయ్యా, ఇంకా రెండు సీన్లున్నాయి" అని. చిన్న గొంతు కదా, ఎక్కడా తెగలేదు. మొదటిసారి ఆ గరగరలో ఈ మాట ఉన్నట్టే నాకు వినపడలేదు.

అమ్మ చెయ్యెత్తి ఆపమంది. చెల్లెలు ఆపింది.

"ఆ ముక్క మళ్ళీ పెట్టు" అంది. పెట్టింది. "మళ్ళీ" అంది. అలా ఎన్నిసార్లు పెట్టించుకుందో నేను లెక్కపెట్టలేదు. పద్యం మాత్రం ఇంకోసారి అడగలేదు. కాసేపటికి, "ఆయనే" అని, వంటింట్లో పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళిపోయింది. తర్వాత చెల్లెలు చెప్పింది, స్టవ్ మీద పాలు లేవట.

తద్దినానికి ఫైలు మళ్ళీ పంపాను, డాక్యుమెంటుగా. వాట్సాప్‌లో వాయిస్ మెసేజీగా పంపితే అది తన పద్ధతిలో నలిపేసి పంపుతుంది. అంత కష్టపడి తీసిన ఇసకని మళ్ళీ పోసినట్టుంటుంది. పెన్ డ్రైవ్‌లో ఒక కాపీ కూడా పంపాను, పెద్దన్నయ్యకి ఫోన్లంటే నమ్మకం లేదు.

అన్నట్టు బి సైడు. అది ఖాళీ అనుకున్నాం అందరం. ఎందుకైనా మంచిదని అదీ ఎక్కిస్తుంటే ఆడగొంతు. అత్తయ్య! అప్పట్లో గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఉత్తరాలకి బదులు కేసెట్లో మాట్లాడి, వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. మామయ్య అంతకుముందు సెలవుల్లో తెచ్చిన ఆ టూ ఇన్ వన్‌ని ఇంట్లోనే వదిలి వెళ్తే, అత్తయ్య దాంట్లోనే రికార్డు చేసి మస్కట్ పంపింది. 84లో వస్తూ ఆయన ఆ కేసెట్టే వెనక్కి తెచ్చి, రెండో పక్కన నాన్న పద్యాలు ఎక్కించాడన్నమాట. అదే మిషను, అదే టేపు. గదిలో కూచుని జానెడు దూరంలో మెల్లగా మాట్లాడినట్టుంది, ఒక్క తరంగం నెత్తి కూడా తెగలేదు. మెల్లటి మాటకి రికార్డరు బాగానే పనిచేసిందని దీంతో తేలింది గానీ, హారన్ చప్పుడుకి తెగింది అందులోనా కాదా అన్నది మాత్రం తేలలేదు.

రెండు నిమిషాలకి ఆపేశాను, అవి నేను వినాల్సిన మాటలు కావు. అత్తయ్య పోయి ఆరేళ్ళయింది. మామయ్యకి ఫోన్ చేసి విషయం చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఎవరైనా విన్నార్రా?"

"లేదు మామయ్యా. మొదట రెండు నిమిషాలు నేను, తెలీక."

"సరే. అది నాకొక్కడికే పంపు. హెడ్‌ఫోన్లు ఏవి కొనుక్కోవాలో కూడా రాయి" అన్నాడు.

రాశాను.